పుంగనూరు బస్సులో మరుగుదొడ్డి

కొత్త పని తలకెక్కితే జిలాన్‌కు అన్నం సహించదు. యాభై రెండేళ్ళ మనిషి, పూటకో షుగరు మాత్ర మింగే మనిషి, కంచం ముందు కూర్చుని రొట్టెముక్క కొనతో బల్ల మీద గీతలు గీస్తూ ఉండిపోతాడు. ఆ గీతలు చూడగానే భార్య మరియంకు తెలిసిపోతుంది, ఈసారి ఏదో బండికి మూడిందని. కంచం మీద మూత పెట్టి, ఆకలైనప్పుడు అడగమని తన పనికి తాను పోతుంది.

మదనపల్లెలో బండ్లకు బాడీలు కట్టే షెడ్డు అతనిది. తండ్రి పుంగనూరు వీధుల్లో తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసినవాడు. ఇంటింటికీ స్టీలు గిన్నెలు వచ్చి ఆ పని మూలన పడింది. జిలాన్ వెల్డింగు నేర్చుకున్నాడు. టమోటా లారీలకు తొట్లు కట్టాడు, డెయిరీల వాళ్ళకు పాల ట్యాంకులు అతికాడు, కురబలకోట గొర్రెల వ్యాపారులకు రెండంతస్తుల బండ్లు చేసిచ్చాడు. గొర్రెల బండి కట్టేటప్పుడు అతన్ని చూడాలి. కాళ్ళు జారకుండా కింద గరుకు రేకు వెయ్యాలంటాడు, పై గొర్రెల ఉచ్చ కింది గొర్రెల మీద పడకుండా వాలు పెట్టాలంటాడు, గాలి ఏ పక్కనుంచి తగులుతుందో చెయ్యి చాపి చూస్తాడు. గొర్రెల కోసం ఇంత ఆలోచించినవాడు, ఇరవయ్యారేళ్ళు కాపురం చేసిన భార్య బస్సెక్కితే ఎట్లా వెళ్ళి ఎట్లా వస్తోందో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఈ మాట మనం అనక్కర్లేదు, అతనే నలుగురిలో చెప్పుకుని తల కొట్టుకుంటాడు.

మరియం సంతలకు తిరిగి రవిక గుడ్డలు అమ్మేది. ఒకరోజు కలకడ, ఒకరోజు పుంగనూరు, మూట పక్కన పెట్టుకుని పొద్దున బస్సెక్కితే దీపాలవేళకు ఇల్లు చేరేది. సంతలో మగవాడికి ఏ గోడైనా చాలు. ఆడమనిషికి ఉన్న ఉపాయం ఒకటే, నీళ్ళు తాగకపోవడం. సంత రోజుకు ముందు సాయంత్రం నుంచే ఆమె చెంబు ముట్టుకునేది కాదు. అట్లా పద్దెనిమిదేళ్ళు గడిపింది. మూడేళ్ళ కిందట చలిజ్వరం వచ్చి నడుం పట్టేస్తే కుప్పం పెద్దాసుపత్రిలో చూపించారు. అక్కడి డాక్టరమ్మ స్కానింగు కాగితం మీద వేలు పెట్టి, ఒక మూత్రపిండం ముడుచుకుపోయిందనీ, రెండోదాన్నయినా కాపాడుకోవాలనీ చెప్పింది. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగాలి. రెండు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలి.

అన్యాయం ఏమిటంటే, ఆ చూపించుకునే ప్రయాణమే ఆమెకు గండమైంది. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి మూడున్నర గంటలు. రావడానికి మరో మూడున్నర. ఆసుపత్రిలో వరుస వేరే. ఆ రోజంతా చుక్క నీళ్ళు తాగేది కాదు, ఇంటికి రాగానే జ్వరం తగులుకునేది. ఒకసారి జిలాన్ కారు మాట్లాడి తీసుకెళ్ళాడు. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపితే లోపలికి వెళ్ళినట్టే వెళ్ళి తిరిగొచ్చి కూర్చుంది. తలుపుకు గొళ్ళెం లేదట. ఆ తర్వాత రెండుసార్లు ఆసుపత్రి మొహమే చూడలేదు.

ఇంట్లో వాళ్ళ మాట దక్కనీ ఉర్దూ. తెలుగులో చెప్పుకుంటే వాళ్ళ వాదన ఇట్లా నడిచింది.

“ఆస్పత్రికి పోయి జబ్బు తెచ్చుకునేది యాల? ఈడనే ఉంటే నీళ్ళన్నా తాగుతాండాను గదా” అంది మరియం.

“డాక్టరమ్మ చూడాల గదా.”

“చూసి ఏం చెప్తాది? నీళ్ళు తాగమంటాది. జువేరియా అబ్బా, నువ్వు ఒక్కసారి బిగబట్టుకోని బస్సులో కూర్చో. ఆమీట నాకు చెప్పు.”

జువేరియా వాళ్ళ కూతురు, కలకడ బడిలో పంతులమ్మ. కూతురి పేరు పెట్టి మొగుణ్ణి పిలిచిందంటే మరియం మాట మీద నిలబడిందని అర్థం. జిలాన్‌కు రోషం వచ్చింది. మర్నాడు పుంగనూరులో ఒక బస్సుకు సీట్లు బిగించే పనుంది. పొద్దున్నే రెండు చెంబుల నీళ్ళు తాగి మరీ బస్సెక్కాడు. పుంగనూరు ఎంతో దూరం కాదు, కానీ షుగరు మనిషి. సగం దారిలోనే కాలు మీద కాలు వేసుకున్నాడు, ఆ తర్వాత సీటు కమ్మీ పట్టుకున్నాడు, దిగేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బస్టాండు వెనక గోడ దగ్గరికి పరుగెత్తాడు. ఆ గోడ దగ్గర నిలబడి ఉండగానే అతనికి ఆలోచన తట్టింది. గొప్ప ఆలోచనలు ఎక్కడ పుడతాయో ఎవరు చెప్పగలరు.

సీట్లు బిగించాల్సిన ఆ బస్సు సుమలతది. పుంగనూరులో ట్రావెల్స్ నడిపే మనిషి ఆమె. వారానికి రెండు రోజులు మదనపల్లె నుంచి కుప్పం ఆసుపత్రికి ఆ బస్సు వేస్తుంది. పొద్దున రోగుల్ని దించి, సాయంత్రం తిరిగి తెస్తుంది. జిలాన్ స్పానరు పక్కన పడేసి నేరుగా ఆమె ముందు నిలబడ్డాడు.

“సుమలతమ్మా, ఎనక నాలుగు సీట్లు పీకేస్తా. బాత్రూము కడతా.”

సుమలత అతన్ని ఎగాదిగా చూసింది. “వాసనొస్తే ఎవురెక్కుతారన్నా నా బస్సు?”

“రైల్లో లేదా?”

“రైలు గవర్మెంటుది. నాది పదకొండేళ్ళ నాటి బస్సు.” ఏమనుకుందో ఏమో, మళ్ళీ తనే అంది. “బస్సెక్కే ఆడోళ్ళు కూడా తగ్గిపోతాండారులే. రవ్వంత వాసన రాకూడదు. దారిలో యాడా పారబొయ్యకూడదు. ఆర్టీవో ఆఫీసు కాగితాలు నేను సూసుకుంటా. తేడా వచ్చిందా, నాలుగు సీట్లూ నువ్వే మళ్ళా బిగించాల.”

ఆ రోజు నుంచి జిలాన్ కంచాల మీద మూతలు పడడం మొదలైంది. బాత్రూము కట్టడం అతనికి చిటికెలో పని. చిక్కంతా దాని కింద. బస్సు మూసిన పెట్టె లాంటిది. లోపల జరిగింది లోపలే ఉండాలి, ఉన్నట్టు తెలియకూడదు. ఇదివరకు రైల్లోది పట్టాల మీద పడేది, అది అందరూ చూసిందే. ఇప్పుడు పడడం లేదు. మరెక్కడికి పోతోంది? తెలుసుకోవడానికి కుప్పం వెళ్ళి స్టేషను ప్లాట్‌ఫారం మీద గొంతుక్కూర్చున్నాడు. బండి వచ్చి ఆగగానే మెడ వంచి పెట్టె అడుగున చూశాడు. స్టీలు డబ్బా ఒకటి వేలాడుతూ కనిపించింది. బండి కదిలేదాకా దాన్నే చూస్తుంటే వెనక ఎవరో నిలబడ్డారు.

“ఏం పారేసుకున్నావప్పా?”

“ఏం లేదన్నా. ఆ డబ్బాలో ఏముండాదో సూస్తాండా.”

“దాంట్లో నా బిడ్డలుండారు” అన్నాడు ఆ మనిషి.

అతని పేరు మునెయ్య. కుప్పం పక్క పల్లె. రోజూ రైల్లో బెంగళూరు వెళ్ళి, రైలు పెట్టెలు కడిగే యార్డులో ఈ డబ్బాల బాగోగులు చూసే కాంట్రాక్టు పని చేస్తాడు. అతని తండ్రి కూడా పట్టాల మీదే పనిచేశాడు, చీపురూ బక్కెటూ పట్టుకుని. “మా నాయన చేత్తో ఎత్తినాడు. నేను అదే నీళ్ళు గాజు సీసాలో పట్టి పరీక్ష చేస్తాండా” అని చెప్పేటప్పుడు మునెయ్య గొంతులో గర్వం దాచుకోలేదు. దాచుకోవాల్సిన అవసరమూ లేదు.

ఇద్దరూ స్టేషను బయట టీ తాగారు. మునెయ్య గ్లాసును డబ్బాగా చూపించి చెప్పుకుపోయాడు.

“ఇది గాలి తగలని పెట్టె. దీంట్లో కంటికి కనపడని పురుగులుంటాయి. మనం వదిలింది అవి తింటాయి. తిని నీళ్ళు చేస్తాయి, రవంత గ్యాసు చేస్తాయి. గ్యాసు గొట్టంలో పైకి పోతాది. నీళ్ళు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయి, బ్లీచింగు తగిలి బయటికొస్తాయి. అంతే.”

“వాసన?”

“అవి బాగా తింటా ఉంటే వాసన లేదు. వాటికి బాగలేకుంటేనే వాసన.”

“మొదట ఆ పురుగులు యాడ దొరుకుతాయి?”

“పాలకు తోడేసినట్టేనప్పా. మంచి ట్యాంకులోది తెచ్చి కొత్త ట్యాంకులో పోస్తే అదే పెరుగుతాది. యార్డులోది ముట్టుకునేదానికి లేదు. మా ఇంట్లో లెట్రిన్‌కి నేను డబ్బులు పెట్టి కొనుక్కోని కట్టించిండా. దాంట్లోది ఇస్తా.”

జిలాన్‌కు ఆ టీ గొంతు దిగలేదు. మదనపల్లె చేరేదాకా చేతిలో టికెట్టు వెనక గీతలే గీతలు. షెడ్డు మూలలో ఏదో డెయిరీ వాళ్ళు వద్దని వదిలేసిన స్టీలు పాల ట్యాంకు ఉంది, రెండువందల లీటర్లది. దాన్ని తోమించి, కోసి, మూత అతికి, గొట్టాలు బిగించి బస్సు అడుగున వేలాడదీశాడు. సుమలత వచ్చి చూసి, “ఇది పాల ట్యాంకని మాత్రం పుంగనూరులో ఎవురికీ చెప్పద్దన్నా” అని వేడుకుంది. పుంగనూరులో సగం మందికి పాలే బతుకు.

షెడ్డుకు శుక్రవారం సెలవు. తోడు కోసం రెండు ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని ఆ శుక్రవారమే మునెయ్య ఇంటికి వెళ్ళాడు. మునెయ్య ట్యాంకు మూత తీయబోతుంటే అతని భార్య శారదమ్మ గుమ్మంలోంచి ఆపింది.

“ఈ పొద్దు శుక్రవారం. ఇంట్లోది బయటికిచ్చేది లేదు.”

“అమ్మా, అది పెరుగు కాదు గదా” అన్నాడు జిలాన్.

“తోడు తోడు అంటా ఉండారు గదప్పా మీరిద్దురూ, వచ్చినప్పట్నుంచీ. శుక్రవారం తోడిస్తే ఇంట్లోది విరిగిపోతాది. మాది విరిగితే నువ్వొచ్చి కడుగుతావా?”

మునెయ్య ఆకాశం వైపు చూశాడు. యార్డులో గాజు సీసాలతో పరీక్షలు చేసే మనిషి, ఇంట్లో మాత్రం ఆమె మాటకు ఎదురు చెప్పడు. చివరికి శారదమ్మే దారి చూపించింది. ఊరికే ఇవ్వకూడదు గానీ మార్చుకోవచ్చు, ఏమైనా ఇక్కడ పెట్టి ఎత్తుకుపొమ్మంది. జిలాన్ జేబులన్నీ తడుముకుని, కొలతల టేపు గడప మీద పెట్టి రెండు క్యాన్లు నింపుకున్నాడు. వచ్చేటప్పుడు బస్సులో ఆ క్యాన్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏముందని పక్కవాడు అడిగితే, చెబితే నువ్వు దిగిపోతావన్నాడు.

మొదటి ప్రయాణం ఒక సోమవారం. మరియం రానంది. “ముందు ఊరోళ్ళు పోయి రానీ. ఆమీట నేను” అంది. బస్సులో ఇరవై నలుగురు ఆడవాళ్ళు. పుంగనూరు దాటేదాకా ఎవరూ ఆ తలుపు వంక కన్నెత్తి చూడలేదు. తర్వాత సిద్ధమ్మ అనే పెద్దామె కొంగు సర్దుకుని లేచింది. వెనక్కి వెళ్ళి, వచ్చి, తన సీటులో కూర్చుని, అందరికీ వినబడేట్టు చెప్పింది.

“బాగుండాదమ్మా. గొళ్ళెం పడతాది.”

ఆ ఒక్క మాట చాలింది. ఒకరి తర్వాత ఒకరు లేచారు, కొందరు రెండోసారీ లేచారు. ముందు సీట్లో కూర్చున్న జిలాన్‌కు కూతురి పెళ్ళినాడు పంక్తిలో వడ్డించినంత సంబరంగా ఉంది. ఆ సంబరం పలమనేరు దాకానే. పలమనేరు దాటాక కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వి.కోట వచ్చేసరికి అందరి ముక్కులకూ కొంగులు అడ్డం. బస్సు ఆపి కింద దూరి చూస్తే, తేటగా రావాల్సిన నీళ్ళు బురదరంగులో వచ్చి దారిలో కారకుండా కింద కట్టిన తొట్టిలో నిండుతున్నాయి. తెచ్చిన తోడంతా ఆ తొట్టిలోనే ఉంది. ట్యాంకులో ఉండాల్సినవి ట్యాంకులో లేవు.

సాయంత్రం సుమలత అరవలేదు, తిట్టలేదు. “నెలన్నర సూస్తానన్నా. ఆపైన సీట్లు బిగించేస్తా” అని మాత్రం అంది.

ఆ రాత్రి జిలాన్ వడ్డించిందంతా తిన్నాడు. ఒక్క గీత కూడా గీయకుండా మూడు రొట్టెలు తిన్న భర్తను చూసి మరియంకు భయమేసింది. “పోనీలే. నాకోసం అంత చేసినావు, అదే సాలు” అంది. అతనికి ఆ మాట ఓదార్పు కాలేదు. మదనపల్లెలో చేయించిన రక్తపరీక్ష కాగితం అతని జేబులోనే ఉంది. క్రియాటినిన్ అంకె పెరిగింది. ఫోను చేస్తే డాక్టరమ్మ, ఇంకో నెలన్నర దాటకుండా మనిషిని తీసుకురమ్మనీ, ఆలస్యమైతే రెండో మూత్రపిండం కూడా చేతికి రాదనీ చెప్పింది. మరియం కాళ్ళకు వాపు వచ్చింది. అయినా ఆమె పట్టు ఆమెదే: మళ్ళీ ఎండిన నోటితో ఆ దారిన పోయేది లేదు. బలవంతంగా బస్సెక్కించగలడు గానీ బలవంతంగా నీళ్ళు తాగించగలడా.

ఆదివారం మునెయ్య సెలవు చూసుకుని షెడ్డుకు వచ్చాడు. బస్సు కింద వెల్లకిలా పడుకుని, టార్చి వేసి, ట్యాంకు మీద వేళ్ళతో తట్టి, లేచి చేతులు కడుక్కున్నాడు.

“మనిషికి ఎన్ని నీళ్ళు లెక్కేసినావు?”

“లీటరున్నర. వీడియోలో తెల్లాయన అంతే చెప్పినాడు. వ్యాన్లోనే దేశాలన్నీ తిరుగుతాడంట ఆయన.”

“ఆ తెల్లాయన కాయితంతో తుడుచుకుంటాడన్నా.”

జిలాన్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. మాటలు నేర్చకముందే నీళ్ళతో కడుక్కోవడం నేర్పిన ఇల్లు అతనిది. చెంబు లేకుండా లోపలికి వెళ్ళడమనేది అతని ఊహలో లేదు. బస్సులో పెద్ద మగ్గు, నిండు బక్కెట్టు పెట్టించిందీ అతనే. గొట్టం లావెంతో, రేకు మందమెంతో అణాపైసలతో లెక్కగట్టినవాడికి, ఆ మగ్గులో ఉన్నవి కూడా నీళ్ళేనని తోచలేదు.

“అది నీళ్ళ లెక్కలోకి రాదనుకుంట్నన్నా. అది శుభ్రం గదా” అన్నాడు మెల్లగా.

“శుభ్రమే. ఒక్కోసారికి ఐదు లీటర్ల శుభ్రం. ఇరవై నాలుగు మంది, రెండేసిసార్లు. నీ ట్యాంకేమో రెండువందలు. నా బిడ్డలు వానకు కొట్టుకుపోయినట్టు పోయినారు.”

మునెయ్య నవ్వాడు. జిలాన్ కూడా నవ్వాడు, వారం తర్వాత మొదటిసారి. తప్పు దొరికితే మేస్త్రీకి సగం పని అయిపోయినట్టే ఉంటుంది. అప్పుడే బల్ల మీద సుద్దముక్క అందుకున్నాడు.

“మగ్గు చిన్నది పెడితే?”

మునెయ్య మొహంలో నవ్వు పోయింది. “వాళ్ళు ఇన్నేళ్ళూ తగ్గించుకునింది సాలదా? కడుక్కునేది కూడా తగ్గించుకోమంటావా? నువ్వు ట్యాంకు మార్చు.”

జిలాన్ ఆ మాటకు తలవంచి, సుద్దముక్కతో కొత్త గీతలు మొదలుపెట్టాడు. స్టెప్నీ టైరును వెనక్కి జరిపితే బస్సు నడుం కింద వెడల్పాటి చోటు వస్తుంది. అక్కడ ఐదింతలు పెద్ద ట్యాంకు, లోతు తక్కువ, పొడవు ఎక్కువ. లోపల మూడు అడ్డగోడలు. నీళ్ళు మొదటి గోడ కింద దూరాలి, రెండోదాని మీద ఎక్కాలి, మళ్ళీ కింద దూరాలి. తొందరగా బయటపడే దారి లేదు. చేతులు కడిగిన నీళ్ళు దీంట్లోకి రాకుండా వేరే డబ్బా. ఇక పురుగులు కొట్టుకుపోకుండా పట్టుకోవడానికి ఏదైనా కావాలన్నాడు మునెయ్య, రైళ్ళలో అయితే లోపల చాపల్లాంటివి ఉంటాయట. జిలాన్ ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, లేచి వీధి దాటి పరుగెత్తాడు. పట్టుపురుగులు గూళ్ళు అల్లుకోవడానికి పరిచే ప్లాస్టిక్ నేత్రికలు ఒక మోపు భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. మడతలు మడతలుగా, నిండా కన్నాలతో ఉంటాయవి.

“ఆ పురుగులు పట్టుకుంటే ఈ పురుగులు పట్టుకోవా?”

మునెయ్య ఒక నేత్రికను వెలుతురుకు పట్టి చూసి, నీకు యార్డులో పని ఇప్పిస్తానన్నాడు.

ఐదు రోజుల్లో ట్యాంకు తయారైంది. తోడును ఈసారి మునెయ్యే స్వయంగా తెచ్చాడు, ఆరు క్యాన్లు, శనివారం చూసుకుని. అక్కడితో అయిపోలేదు. తోడు నిలదొక్కుకోవాలంటే మూడు వారాలు ట్యాంకుకు రోజూ మేత పడాలి. వారానికి రెండు రోజులు, బాత్రూముకు తాళం వేసి కుప్పం పంపడం తప్పిస్తే బస్సు షెడ్డులోనే. మేత ఎక్కణ్ణుంచి తేవాలి? జిలాన్ సిగ్గు విడిచాడు. షెడ్డులోని ఆరుగురు పనివాళ్ళకూ, ఇక మీదట ఎవరూ బయటికి పోకూడదని హుకుం జారీ చేశాడు. ఎదురు టీ అంగట్లో కూర్చున్నవాళ్ళను, పక్క టైర్ల షాపువాళ్ళను పిలిచి మరీ బస్సెక్కించాడు. పొద్దున్నే బస్సు ముందు వరుస. “టికెట్టుందా భాయ్?” అని ఒకడు, “కుప్పం దాకా పోతాదా, మధ్యలోనే ఆగుతాదా?” అని ఇంకొకడు. ఆ వీధి వీధంతా మూడు వారాలు పగలబడి నవ్వింది. జిలాన్ ఆ నవ్వులు పట్టించుకోలేదు. రోజూ మధ్యాహ్నం కింద కుళాయి తిప్పి సీసాలో నీళ్ళు పట్టి ఎండకు ఎత్తిచూసేవాడు. మొదటివారం బురద. రెండోవారం పలచటి టీ రంగు. పదిహేడోరోజు సీసాకు ఇవతలినుంచి చూస్తే అవతల అతని వేళ్ళు కనిపించాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తడిమట్టి వాసన తప్ప మరేమీ లేదు. ఆ సీసా పట్టుకుని షెడ్డంతా తిరిగి, ఒక్కొక్కరి ముక్కు దగ్గరా పెట్టి వాసన చూపించాడు.

ఇరవయ్యోరోజు సాయంత్రం మరియం షెడ్డుకు వచ్చింది. నేరుగా బస్సెక్కింది. తలుపు తీసి వాసన చూసింది, మగ్గు ఎత్తి చూసింది, గొళ్ళెం నాలుగుసార్లు వేసి తీసింది. లోపలికి వెళ్ళింది. బయట జిలాన్ బస్సు మెట్టు దగ్గర నిలబడ్డాడు. ఆమె దిగివచ్చి, “నీళ్ళు బాగా వస్తాండాయి” అని, సోమవారం ఎన్నింటికి బయల్దేరుతారని అడిగింది.

ఆ సోమవారం బస్సు నిండింది. జిలాన్ ముందు సీట్లో, మరియం ఆరో వరుసలో. ఆమె ఒళ్ళో లీటరు బాటిల్, మూత సీలు విప్పకుండానే ఉంది. పెదాలు ఎండి ఉన్నాయి. రాత్రి నుంచి తాగలేదని అతనికి తెలుసు. అలవాటు అంత త్వరగా పోదు. పుంగనూరులో సిద్ధమ్మ ఎక్కింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి వెళ్ళి వస్తున్నారు. పలమనేరు వచ్చింది, పోయింది. కిటికీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. జిలాన్ అద్దంలోంచి భార్యనే చూస్తున్నాడు. ఆమె వెళ్ళేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ చూస్తోంది. మధ్యమధ్య ముక్కు ఎగబీలుస్తోంది.  ట్యాంకు గెలిచిందని అతనికి తెలుసు, కానీ ట్యాంకు గెలిస్తే చాలదు.

వి.కోట ఇంకా రాలేదు. మరియం బాటిల్ సీలు విప్పింది. ఒక గుక్క తాగి మూత పెట్టేసింది. కిటికీలోంచి బయటికి చూసింది. మళ్ళీ మూత తీసి, ఈసారి తల వెనక్కి వాల్చి, ఆగకుండా తాగింది. గొంతు కదలడం అద్దంలో కనిపిస్తోంది. జిలాన్ కళ్ళు తుడుచుకున్నాడు, డ్రైవరు చూస్తాడని మొహం పక్కకు తిప్పుకున్నాడు. వి.కోట దాటాక ఆమె లేచింది. సీట్ల కమ్మీలు పట్టుకుని వెనక్కి నడిచింది. తలుపు మూసుకున్న చప్పుడు, గొళ్ళెం పడిన చప్పుడు రెండూ అతనికి వినిపించాయి.

వచ్చి కూర్చున్నాక, నలుగురిలో ఎన్నడూ అతన్ని కేకేసి పిలవని మనిషి, ఆరో వరుసలోంచి పిలిచింది.

“జువేరియా అబ్బా, నీ కాడ నీళ్ళుండాయా?”

అతను తన బాటిల్ తీసి, వెనక వరుసలోని ఆమెకిచ్చి అందించమన్నాడు. ఆమె బాటిల్‌ను ఒక క్షణం చూసి, పైకెత్తి రెండు గుక్కలు పోసుకుని వెనక్కి ఇచ్చింది. అందుకున్న సిద్ధమ్మ కూడా పైకెత్తింది. “నిన్నట్నుంచి తాగలేదమ్మా” అని తనలో తాను అనుకున్నట్టు అంది. ఆ తర్వాతి ఆమె కూడా తాగింది. ఆ పక్క వరుసలోంచి ఇంకో చెయ్యి ముందుకు వచ్చింది. బాటిల్ ఆరో వరుసకు చేరేసరికి అడుగున చుక్క మిగల్లేదు. మరియం దాన్ని తలకిందులు చేసి చూసి, నవ్వి, డ్రైవరును బస్సు ఆపమంది.

దారి పక్క అంగడి ముందు బస్సు ఆగింది. జిలాన్ దిగి నీళ్ళ బాటిళ్ళ పెట్టె ఒకటి భుజాన వేసుకుని ఎక్కాడు. అన్ని నెలలుగా ఆసుపత్రికి తిరుగుతున్న ఆ బస్సు, నీళ్ళ కోసం దారిలో ఆగడం అదే మొదటిసారి.